సున్నపు గోడల ఫ్లాటు: పునరుద్ధరణ డైరీ

ఫ్లాటు వివరాలు ముందుగా. నాలుగంతస్తుల ఇటుక భవనంలో మూడో అంతస్తు. బయటి గోడలు 340 మి.మీ. మందం, సున్నంతో కట్టినవి. లోపల పూత కూడా సున్నపు గారే. గది ఎత్తు 3.6 మీటర్లు. సీలింగులు చెక్క పట్టీల మీద గార పూసినవి. హాలు చుట్టూ జిప్సం కార్నీస్ (గోడ, సీలింగు కలిసేచోట ఉండే అలంకార పట్టీ), సీలింగు నడిమధ్య జిప్సం పూలగుత్తి. నడవలో, వంటగదిలో 20 సెం.మీ. చదరపు పూల సిమెంటు టైల్స్, హాల్లో హెరింగ్‌బోన్ (పలకలు చేపముల్లులా ఏటవాలుగా పరిచిన) చెక్కనేల. కిటికీలన్నీ చెక్క రెక్కలవి, అద్దాలు చాలావరకు మొదటివే. వీటన్నిటి మీదా తర్వాతి మరమ్మతుల్లో సిమెంటు, ప్లాస్టిక్ ఎమల్షన్, వినైల్ షీటు వచ్చి చేరాయి.

పని మొత్తానికీ పెట్టుకున్న నియమం ఒకటే: కొత్తగా వేసేది పక్కనున్న పాతదానికంటే మెత్తగా ఉండాలి, ఆవిరిని పోనివ్వాలి, రేపు తీయాల్సి వస్తే పాతదాన్ని చెడగొట్టకుండా తీయగలగాలి. రెండు పదార్థాలు కలిసేచోట ఒత్తిడి వస్తే దెబ్బతినేది మెత్తనిదే. దెబ్బ తినే వంతు ఎప్పుడూ మన మరమ్మతుదే కావాలి, పాత ఇటుకది, పాత గారది కాదు.

నమోదు, పరీక్షలు

ఉలి పట్టకముందు కొలతలు. ప్రతి గదికీ 1:50లో ప్లాను గీశాం. నాలుగు గోడలే కాక ఎదురెదురు మూలల మధ్య అడ్డకొలతలు కూడా తీసుకోవాలి. పాత గదులు మూలమట్టానికి ఉండవు, ఆ తేడా తర్వాత నేల పరిచేటప్పుడు బయటపడితే కష్టం. కార్నీస్, తలుపు పలకల అంచులు, స్కర్టింగ్ ఆకారం అసలు సైజులోనే గీశాం. విప్పిన ప్రతి బందు, గొళ్ళెం, చెక్కముక్కకీ గది నంబరు, గోడ అక్షరం, వరస సంఖ్య రాసిన చీటీ కట్టాం.

రంగుల పొరలు చూడటానికి కనపడని మూలల్లో రూపాయి బిళ్ళంత చోట గరుకు కాగితం నీటితో తడిపి గుండ్రంగా అరగదీయాలి. ఒక్కో పొర ఒక్కో వలయంగా తేలుతుంది. తలుపుల మీద కింది పొరల్లో సీసం ఉన్నట్టు పరీక్ష పుల్లలు చూపించాయి కాబట్టి, ఆ తర్వాత ఎక్కడా పొడి గీకుడు లేదు, పొడి శాండింగ్ లేదు. అంతా తడిపి గీకడం, హెపా (అతి సన్నని ధూళిని పట్టే) ఫిల్టరున్న వాక్యూమ్, అలాంటి ధూళినే ఆపే పీ3 మాస్కు. పిల్లలు, గర్భిణులు పని జరిగే గదుల్లోకి రాకూడదు. వినైల్ షీటు కింది నల్ల జిగురు, పాత పైపుల మీది తెల్ల చుట్టు ముక్కలు తడిపి సంచిలో వేసి ల్యాబుకి పంపాం. ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఖనిజ పీచు) లేదని కాగితం చేతికి వచ్చేదాకా ఆ రెండింటినీ ముట్టుకోకూడదు.

అపార్ట్‌మెంటు కాబట్టి ఇంకో సంగతి. బయటి గోడ, నిలువు మురుగు పైపు, పై అంతస్తుకి నేల అయిన మన సీలింగు దూలాలు మొత్తం భవనానివి. వాటి జోలికి వెళ్ళే ప్రతి పనికీ లిఖితపూర్వక అనుమతి, అవసరమైనచోట స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ముందే తీసుకోవాలి. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న భవనమైతే కిటికీ రంగు మార్చడానికి కూడా అనుమతి అడగాల్సి రావచ్చు.

చెమ్మ ఎక్కడిది?

పడకగది బయటి గోడ కింద మీటరు ఎత్తున పెయింటు బుడగలు, చౌడు. మూడో అంతస్తులో నేలచెమ్మ పైకి పాకే ప్రశ్నే లేదు. సూదుల మీటరు ఎక్కువ చూపించినా దాన్ని నమ్మకూడదు, గోడలో ఉప్పు ఉంటే అది తడి ఉన్నట్టే చూపిస్తుంది. గోడ లోపలి నుంచి నెమ్మదిగా డ్రిల్లు చేసి తీసిన పొడిని కార్బైడ్ సీసాలో (తడితో కలిసి పుట్టే వాయువు ఒత్తిడిని కొలిచే పరికరం) వేసి చూస్తే నిజమైన తడి తెలుస్తుంది.

కారణం కిటికీ దిగువ పలక. ముందుకు చొచ్చిన పలక అడుగున, అంచుకి కాస్త లోపలగా 8-10 మి.మీ. వెడల్పు నీటిగాడి ఉంటుంది. వాననీరు పలక కిందుగా వెనక్కి పాకకుండా ఆ గాడి దగ్గర తెగి పడిపోతుంది. ఎన్నో పొరల రంగుతో గాడి పూర్తిగా పూడిపోయింది. నీరు వెనక్కి పాకి గోడలోకి దిగింది. లోపల పూసిన సిమెంటు ఆ నీటిని గదిలోకి ఆరనివ్వలేదు. గాడి శుభ్రం చేయడం సన్న ఉలితో తేలిగ్గా అయ్యే పని. కానీ అది చేయకుండా గోడకి ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పూత వేసినా తడి లోపలే బిగుసుకుంటుంది, ఉప్పు స్ఫటికాలుగా మారి ఇటుక ముఖాన్ని పొట్టులా రాలుస్తుంది.

సిమెంటు దించి సున్నం ఎక్కించడం

సిమెంటు పూతని సుత్తి, వెడల్పు ఉలితో పక్కవాటుగా దించాలి. హ్యామర్ డ్రిల్లు వాడితే ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. బాగా అంటుకున్నచోట చిన్న గ్రైండరుతో 10 సెం.మీ. గళ్ళుగా కోసి, కోత ఇటుక దాకా వెళ్ళకుండా చూసుకుని, గడి గడిగా లేపాం. తర్వాత గోడని అలాగే వదిలేయాలి. అంగుళం మందం ఆరడానికి నెల అన్నది ఉజ్జాయింపు లెక్క. గాలి ఆడితే కొంచెం తగ్గుతుంది. హీటర్లు పెట్టి తొందరపెడితే ఉప్పంతా ఒక్కసారి ముఖానికి వస్తుంది. పైకి వచ్చిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

మిశ్రమం: కనీసం మూడు నెలలు నీళ్ళలో మాగిన సున్నపు ముద్ద 1, గరుకు ఇసుక 3, కొలపాత్రతో. ఈ మూడు ఎందుకంటే ఇసుక రేణువుల మధ్య ఖాళీ సాధారణంగా మొత్తంలో మూడో వంతు ఉంటుంది, సున్నం ఆ ఖాళీని నింపితే చాలు. మీ ఇసుకకి లెక్క సరిపోయిందో లేదో చూడటం సులువు: లీటరు డబ్బా నిండా ఎండు ఇసుక పోసి, నీరు పైకి తేలేదాకా కొలుస్తూ పోయండి. 330 మి.లీ. పడితే 1:3 సరి. 400 పడితే సున్నం పాలు పెంచి 1:2.5కి రావాలి. సున్నం ఎక్కువైతే పగుళ్ళు, తక్కువైతే చేత్తో రాస్తే రాలే గోడ. బయటి గోడకి తడి ఇంకా కొంత వచ్చే భాగంలో మాత్రం నీటితో గట్టిపడే సున్నం, 3.5 రకం (అంకె పెరిగేకొద్దీ గట్టిది), వాడాం. 5 రకం ఈ మెత్తని ఇటుకకి మరీ గట్టి.

మొదటి పూతలో మేక వెంట్రుకలు కలుస్తాయి, 5-10 సెం.మీ. పొడవు. తాపీతో తీసిన ముద్ద అంచు నుంచి వెంట్రుకలు దగ్గర దగ్గరగా వేలాడుతూ కనపడితే పాలు సరిపోయినట్టు. వాడే రోజునే కలపాలి. తడి సున్నంలో వారాలపాటు ఉంచిన వెంట్రుకలు తినేసినట్టు తెగిపోతాయి.

గోడని ముందురోజు సాయంత్రం, పూసే ముందు మళ్ళీ తడపాలి. మొదటి పూత 10 మి.మీ., కాస్త బిగియగానే అడ్డదిడ్డంగా గీతలు. రెండోది 8-10 మి.మీ., చెక్క పలకతో మట్టం చేయాలి. మూడోది 2-3 మి.మీ., సన్న ఇసుకతో 1:1. రెండో పూత వేలితో నొక్కితే సొట్ట పడక, గోరుతో గీస్తే గీత పడే దశకి వచ్చినప్పుడు చెక్క పలకతో గట్టిగా గుండ్రాలు తిప్పుతూ మళ్ళీ ఒత్తాలి. ఆరేకొద్దీ వచ్చే సన్న పగుళ్ళు అప్పుడు మూసుకుపోతాయి. సున్నపు గార చెడిపోయిందని చెప్పుకునే చాలా గోడల్లో జరగనిది ఈ రెండో ఒత్తుడే.

సున్నం ఎండితే గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారాలి. దానికి కాస్త తడి కూడా కావాలి. అందుకే తడి గోనెపట్టాలు వేలాడదీసి, మొదటి వారం సన్నటి తుంపర కొడుతూ ఉండాలి. ఎండ నేరుగా పడే కిటికీలకి గుడ్డ కట్టాం. 5 డిగ్రీల కంటే చలిలో ఈ పని పెట్టుకోకూడదు. తర్వాతి పూతకి గోడ సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి చిన్న ముక్క గీకి ఫినాల్‌ఫ్తలీన్ చుక్క వేస్తే చాలు: ముదురు గులాబీ రంగు వస్తే ఇంకా పచ్చిసున్నమే, రంగు రాకపోతే రాయిగా మారిన భాగం.

పైన పాత గార నిలిచి ఉన్నచోట దాన్ని కదపలేదు. వేళ్ళ కణుపులతో తట్టినప్పుడు బోలుగా మోగిన ప్రతి చోటూ ఊడగొట్టాల్సింది కాదు. చుట్టుపక్కల గట్టిగా ఉండి, అరచేతితో నొక్కితే కదలకపోతే అది ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది.

సీలింగు, కార్నీస్

చెక్క పట్టీల మధ్య 8-10 మి.మీ. సందుల్లోంచి గార పైకి దూరి, వెనక మడత పడి కొక్కెంలా పట్టుకుంటుంది. కొక్కేలు విరిగితే సీలింగు కిందికి జారుతుంది. కింద నుంచి అరచేతితో మెల్లగా ఎత్తితే కదిలే చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. పై అంతస్తు పలకలు లేపి వెనక నుంచి పని చేయడం ఉత్తమ మార్గం, కానీ అది పొరుగువారి నేల. కాబట్టి అంతా కింద నుంచే.

జారిన భాగాన్ని ప్లైవుడ్ పలక, దాని మీద ఫోమ్, కింద స్క్రూ జాకీతో రోజుకి కొద్దిగా ఎత్తాలి. బలవంతంగా ఎత్తితే వెనక పడి ఉన్న విరిగిన గార ముక్కలు అడ్డుపడి, బాగున్న భాగం కూడా పగులుతుంది. పైకి వెళ్ళనని మొరాయిస్తే ఆ 5 మి.మీ. వంపుని అలాగే ఉంచేయడం మేలు. దూలాల వెంబడి 30 సెం.మీ.కి ఒకటి చొప్పున చిల్లుల వాషర్లతో స్టెయిన్‌లెస్ స్క్రూలు, దూలంలోకి కనీసం 25 మి.మీ. దిగేలా. మామూలు ఇనుప స్క్రూలు తడి ప్లాస్టరులో తుప్పు పట్టి, కొన్నాళ్ళకి గోధుమ మచ్చలుగా పైకి తేలతాయి. దూలాల మధ్య భాగంలో 6 మి.మీ. రంధ్రాలు చేసి, దుమ్ము పీల్చేసి, ఆక్రిలిక్ జిగురు ఎక్కించి, మర్నాటి దాకా ఆనుపు ఉంచాం.

కార్నీస్ మీద పేరుకున్న పొరల్లో కిందివి నీటిరంగులు, పైవి ఆయిల్ పెయింట్లు. ఆకుల అంచులు కనపడనంతగా నిండిపోయాయి. పై పొరలకి పేస్టు స్ట్రిప్పరు పూసి ప్లాస్టిక్ కప్పి ఉంచి, చెక్క పుల్లలతో తీశాం. కింది పొరలకి గోరువెచ్చని నీటి స్పాంజి చాలు, అదీ పిండి. జిప్సం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. స్టీమరు ఒకేచోట పట్టుకుంటే ఆకు ఈనెలు కూడా పోతాయి. ఇనుప పనిముట్టు ఎక్కడా తగలకూడదు.

హాలు ఉత్తరం వైపు మీటరున్నర కార్నీస్ ఊడిపోయింది. దానికి పాత పద్ధతే: మిగిలిన భాగంలో సన్న రంపంతో గోడ దాకా ఒక గీత కోసి, అందులోకి అట్ట దూర్చి ఆకారం గీసుకోవాలి. ఆ ఆకారాన్ని 1 మి.మీ. జింకు రేకులో కోసి, ఆకురాయితో నున్నగా రాసి, చెక్క బండికి బిగించాలి. కోసిన గీత తర్వాత చిటికెడు ప్లాస్టరుతో మూసుకుంటుంది. నీటిలోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చల్లుతూ పోయి, పైన చిన్న దీవుల్లా తేలినప్పుడు ఆపి, నానాక కలపాలి. ముందే తిప్పితే త్వరగా బిగుస్తుంది. బల్ల మీద పోసి బండిని ఒకే దిశలో లాగుతూ ఉండాలి. బిగిసేటప్పుడు ప్లాస్టరు కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు బండి ఆపితే అక్కడే ఇరుక్కుంటుంది. ఉబ్బు ఆగేదాకా లాగుతూ, చివరి వరస పలచని ముద్దతో నునుపు చేయాలి. ఇలా బల్ల మీద పోసిన ముక్కల్ని జిప్సం ముద్ద, స్క్రూలతో పైన అతికించాం. ఆకుల నమూనాకి సిలికాన్ అచ్చు.

చిన్న పడకగదిలో కార్నీస్ మొత్తం పోయింది. ఫోటో లేదు, పెచ్చు కూడా దొరకలేదు. 1964 నాటి వెనిస్ చార్టర్ (చారిత్రక కట్టడాల పరిరక్షణ సూత్రాల పత్రం) ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది: ఊహ మొదలయ్యేచోట పునరుద్ధరణ ఆగిపోవాలి. హాలు కార్నీస్‌ని అక్కడా పెట్టేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అది ఈ ఇంట్లో ఎప్పుడూ లేని వస్తువుని పాతదిగా చూపించడమే అవుతుంది. అక్కడ సాదా మలుపు ఒక్కటే ఇచ్చాం.

కరెంటు, నీళ్ళు

పాత రబ్బరు తొడుగు తీగలు వంచగానే పొడిగా రాలుతున్నాయి కాబట్టి మొత్తం కొత్త వైరింగ్. లైట్లకి 1.5, సాకెట్లకి 2.5, వంటగది పెద్ద పరికరాలకి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగలు, అన్ని సర్క్యూట్లకీ 30 మిల్లీఆంపియర్ల లీకేజీ ట్రిప్పరు. నిలిచిన పాత గారలో కొత్త గాడులు కొట్టలేదు. తీగలు స్కర్టింగ్ వెనక బోలులోంచి, ద్వారబంధాల పట్టీల వెనక నుంచి, పాత ఇనుప కాండ్యూట్లలోంచి వెళ్ళాయి. సిమెంటు దించిన గోడల్లో, గార పూయకముందే, నిలువు గాడులు మాత్రమే. అడ్డంగా లోతుగా కోస్తే గోడ బలం తగ్గుతుంది. గోడ మందంలో ఆరో వంతు మించకూడదన్నది సాధారణ పరిమితి.

పింగాణీ పీట మీది పాత ఇత్తడి స్విచ్చులు గోడ మీదే ఉన్నాయి, పని చేస్తున్నాయి. వాటి గుండా ఇప్పుడు 24 వోల్టులే వెళ్తాయి. అవి బోర్డులోని రిలేని కదుపుతాయి, అసలు కరెంటుని మోసేది ఆ రిలే.

బాత్రూమ్ ఉన్నచోటే ఉంచాం. నిలువు పైపుకి దూరంగా జరిపితే మీటరుకి 20-25 మి.మీ. వాలు కోసం నేల ఎత్తాలి, ఆ ఎత్తు ద్వారబంధాన్నీ గడపనీ మింగేస్తుంది. పోత ఇనుము నిలువు పైపు గట్టిగా ఉంది, ప్లాస్టిక్ పైపుకంటే నీటి శబ్దం కూడా తక్కువ. జింకు పూత పైపులు లోపల తుప్పుతో సగం మూసుకుపోయాయి, అవి తీసేశాం. రాగి, జింకు పైపులు కలిసేచోట మధ్యలో విద్యుత్ నిరోధక యూనియన్ (పైపులు కలిపే బిగింపు) లేకపోతే జింకు వైపు పైపుని తుప్పు తినేస్తుంది. వాటర్‌ప్రూఫ్ పొర మీద నీళ్ళు నింపి కనీసం 24 గంటలు ఉంచి, కింది ఫ్లాటు సీలింగు చూసి వచ్చాకే టైల్స్.

కిటికీలు

కొత్త యూపీవీసీ కిటికీల లావు ఫ్రేములు పెడితే అద్దం వైశాల్యం తగ్గుతుంది, సన్న కడ్డీల నీడ పోతుంది, పాత అద్దంలోని మెల్లని అల పోతుంది. ఈ చెక్క నిదానంగా పెరిగిన చెట్టుది, వలయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇప్పుడు దొరికే చాలా కలపకంటే ఇదే గట్టిది. తీసేయడానికి కారణమే లేదు.

రెక్కలు విప్పి, పాత లప్పాన్ని ఇన్‌ఫ్రారెడ్ దీపంతో మెత్తబరచి తీశాం. వేడిగాలి గన్ను అద్దం దగ్గర పడితే అద్దం పగులుతుంది; చెక్క మీద వాడినా 400 డిగ్రీల లోపే ఉంచాలి, 500 దగ్గర నుంచి సీసం పొగగా లేస్తుంది.

సూదిమొన గుచ్చి చూస్తే కింది అడ్డపట్టీలు, చట్రం దిగువ మూలలు మెత్తబడి ఉన్నాయి. పుచ్చిన భాగం దాటి మంచి చెక్కలోకి 50 మి.మీ. దాకా ఏటవాలుగా కోసి, అదే జాతి కలప ముక్కని రేఖల దిశ కలిపి, ఎపాక్సీ జిగురుతో అతికి చిత్రిక పట్టాం. కలప తడి 15 శాతం లోపు ఉండాలి. ఎపాక్సీ ముద్దతో పెద్ద గుంతలు నింపడం తొందర పని: చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, ఎపాక్సీ అలా కదలదు. ఆ అంచున సందు పడి నీరు చేరితే పుచ్చు మళ్ళీ అక్కడే మొదలవుతుంది. అగ్గిపెట్టె సైజు దాటితే చెక్కముక్కే వేయాలి.

వంగిన రెక్కల్లో చాలావాటి రోగం బందుల దగ్గరే. అరిగిన స్క్రూ రంధ్రాల్లో గట్టి చెక్క మేకులు జిగురుతో కొట్టి, మళ్ళీ డ్రిల్లు చేసి అవే బందులు బిగిస్తే రెక్క లేచింది. రంగు పట్టిన ఇత్తడి బందులు, గొళ్ళేలు తినే సోడా వేసిన నీటిలో మరిగిస్తే పెయింటు తొక్కలా వస్తుంది. ఆ పాత్ర మళ్ళీ వంటకి వాడకూడదు.

అద్దం ఎక్కించే ముందు గాడికి అవిసె నూనె పట్టించాలి. ఎండిన చెక్క లప్పంలోని నూనెని పీల్చేసుకుంటే లప్పం ఏడాదికే పగిలి ఊడుతుంది. లప్పం: బరువులో ఆరు వంతుల సుద్దపొడికి ఒక వంతు అవిసె నూనె, చేతికి అంటుకోనంత దాకా పిసకాలి. అద్దం వెనక 2 మి.మీ. పరుపు, చుట్టూ 2 మి.మీ. ఖాళీ, 20 సెం.మీ.కి ఒక సన్న మేకు, పైన ఏటవాలు. ఒకటి రెండు వారాల్లో పైన పొర కట్టాక రంగు. ఆ రంగు అద్దం మీదికి 2 మి.మీ. ఎక్కాలి, లప్పానికీ అద్దానికీ మధ్య నీరు దిగకుండా ఆపేది ఆ గీతే. చాలామంది దాన్ని బ్లేడుతో నీటుగా గీకేస్తారు, అక్కడి నుంచే కిటికీ చెడటం మొదలవుతుంది.

రోడ్డు వైపు శబ్దానికి లోపల రెండో అద్దం, పాత అద్దం నుంచి 100 మి.మీ. ఎడంగా, చెక్క చట్రానికి స్క్రూలతో. బిగుతుగా ఉండాల్సింది లోపలిది. బయటి రెక్క కాస్త గాలి వదలాలి, లేకపోతే గదిలోని ఆవిరి బయటి అద్దం మీద నీరై కారుతుంది.

నేలలు

పూల టైల్స్ సిమెంటువి, 20 మి.మీ. మందంలో పైన 3-4 మి.మీ. మాత్రమే రంగు పొర. యాసిడ్ వేస్తే తెల్లగా పొంగేది ఆ రంగు పొరే. తటస్థ సబ్బు నీరు, మెత్తని ప్యాడు, డైమండ్ ప్యాడ్లతో నెమ్మదిగా రుద్దడం, అంతే. నడవలో పగిలిన టైల్స్‌కి బదులుగా వంటగది అల్మారాల కింద ఉన్నవి తీశాం. కొత్తవాటి రంగు ఎంత వెతికినా కలవదు, అల్మారాల కిందికి మాత్రం ఏదైనా సరిపోతుంది. గోడ వారగా ఉన్న కోత ముక్కతో మొదలుపెట్టి, సన్న బ్లేడు కీలులో ఆడించి, సున్నపు పరుపు నుంచి పక్కకి జరుపుతూ లేపాలి. పరచడం మళ్ళీ సున్నం మీదే, కీలు 1-1.5 మి.మీ. గ్రౌటు వేసే ముందు సీలర్ ఒక పూత వేయకపోతే గ్రౌటు మరక రంగు పొరలోకి దిగుతుంది.

చెక్కనేలలో గడప దగ్గర ఒక పలక లేపి నాలుక (పక్క పలక గాడిలోకి దూరే అంచు) పైభాగం మందం కొలిస్తే 5 మి.మీ. ఉంది. 3 కంటే తక్కువైతే పెద్ద మెషీన్ పెట్టకూడదు. 40 నంబరు గరుకు కాగితంతో కాకుండా 60తో మొదలు (నంబరు చిన్నదైతే గరుకు ఎక్కువ), తర్వాత 80, 120. హెరింగ్‌బోన్‌లో రేఖలు రెండు దిక్కులా వెళ్తాయి కాబట్టి చివర మూడు డిస్కుల మెషీన్ వాడాలి, డ్రమ్ము వాడితే సగం పలకల మీద అడ్డగీతలు మిగులుతాయి. నూనె పలచగా పట్టించి, మిగిలింది 15-20 నిమిషాల్లో తుడిచేయాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీటి బకెట్టులో వేసి మూత పెట్టండి, లేదా బయట విడివిడిగా ఆరవేయండి.

ఇప్పుడు నడుస్తున్నది: రంగులు

సున్నపు గోడలకి వెల్ల. వెన్న తీసిన పాలంత పలచగా, తడిపిన గోడ మీద నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ మధ్య కనీసం ఒక రోజు. వేసేటప్పుడు దాదాపు కనపడదు, ఆరాక తెల్లబడుతుంది. కనపడలేదని చిక్కగా వేస్తే పొట్టుగా రాలుతుంది. రంగు కావాలంటే మట్టి రంగులు, ఐరన్ ఆక్సైడ్లు. ప్రష్యన్ బ్లూ సున్నంలో నిలవదు. జిప్సం కార్నీస్ మీద వెల్ల సరిగా పట్టదు కాబట్టి అక్కడ జిగురు సుద్ద నీటిరంగు. చెక్కపనికి అవిసె నూనె పెయింటు, మూడు పలచని పూతలు, రంగుల వలయాల్లో దొరికిన బూడిద ఆకుపచ్చ.

హాలు, నడవ పూర్తయ్యాయి. పెద్ద పడకగది బయటి గోడ మీద ఫినాల్‌ఫ్తలీన్ ఇంకా గులాబీ చూపిస్తోంది, వెల్ల అక్కడికి ఆఖరున వెళ్తుంది. మెట్ల వైపు తలుపు సీసం రంగు తీయడం, దాని తాళం పెట్టె శుభ్రం చేయడం మిగిలి ఉన్నాయి.